దారానికి రెండో కొస

గిద్దలూరు, 1961

ఫిబ్రవరి 9

ఈ నోటుపుస్తకం పాలపొడి పంపిణీ వివరాలు రాసుకోమని ఇచ్చారు. పాలపొడి రాలేదు. పుస్తకం ఊరికే పడి ఉండడమెందుకని నేనే వాడుకుంటున్నాను. ఎవరూ చదివేది కాదు కాబట్టి అక్షరాలు గుండ్రంగా ఉండనక్కర లేదు.

ఇవాళ బి.డి.ఓ. గారు పిలిచి, మహిళా మండలికి కడుతున్న కొత్త భవనం ముందు గోడ మీద పెద్ద బొమ్మ ఉండాలన్నారు. జూన్‌లో కర్నూలు నుంచి కలెక్టరు గారు వచ్చి భవనం తెరుస్తారట. బొమ్మ విషయం స్త్రీ పురుష సమానత్వం. "మన గ్రామసేవికల్లో డ్రాయింగు పరీక్ష పాసైంది మీరొక్కరే గదా సుబ్బులమ్మా" అన్నారు. నా పేరు వెంకటసుబ్బులమ్మ. అయినా పొంగిపోయాను. రంగులు ఎవరిస్తారని అడిగితే ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. అంటే లేవని.

నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద సిరాబుడ్డి పెట్టారు. ఎడమ మూల కొంచెం నలిగింది. నేను దాని వంక చూడలేదు.

ఫిబ్రవరి 11

ఎలాంటి బొమ్మ కావాలో బి.డి.ఓ. గారే గీసి పంపారు. తామరపువ్వులో ఒక స్త్రీ. చేతిలో దీపం. వెనకాల కొంచెం ఎత్తులో ఒక పురుషుడు, ఆమెకు దారి చూపిస్తూ.

ఇల్లుగల వెంకాయమ్మవ్వ కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసింది.

"ఈ యమ్మ ఎవురు, లచ్చిందేవా?"

"కాదవ్వా. మగవాళ్ళతో సమానంగా హక్కులు వచ్చిన స్త్రీ."

"దీపం పట్టుకోని నిలబడితే సమానమయితాదా? నేను అరవై ఏండ్లు పట్టుకున్నా. ఏమీ కాలేదు."

ఫిబ్రవరి 15

ఇవాళ భవనం దగ్గర గంటసేపు కూర్చున్నాను. పొద్దుపోక కాదు, బొమ్మ కోసం.

గోడ వరస వంకర పోకుండా మేస్త్రీలు దారం కడతారు. మేస్త్రీ మాలకొండయ్య ఒక కొస పట్టుకొని గోడకు ఈ చివర నిలబడ్డాడు. రెండో కొస పట్టుకొని ఆ చివర మస్తానమ్మ. సున్నం తట్టలు మోసే కూలీ ఆమె. ఆయన "బిగించు" అంటే బిగించింది. "దించు" అంటే దించింది. కాసేపటికి ఆయన ఏమీ అనకుండానే ఆమె దించుతోంది, ఎత్తుతోంది. ఆమె ఒక వేలెడు దించితే గోడంతా వేలెడు వాలిపోతుంది. ఇన్నేళ్ళుగా ఇళ్ళు కడుతుంటే చూస్తున్నాను గానీ దారానికి రెండో కొస కూడా ఉంటుందని ఇవాళే గమనించాను.

నా బొమ్మ దొరికింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, మధ్యలో బిగుతుగా దారం. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. తామరపువ్వు లేదు.

ఫిబ్రవరి 18

బి.డి.ఓ. గారికి కొత్త బొమ్మ నచ్చలేదు. దారం ఎందుకన్నారు. పక్కనే ఉన్న మాలకొండయ్య, "దారం నిజమే గద సార్. ఇంగో కొస ఆడోళ్ళే పట్టుకుంటారు. మేస్త్రీకి మేస్త్రీ పట్టుకుంటాడా?" అన్నాడు. నన్ను సమర్థిస్తున్నానని ఆయనకు తెలియదు. బి.డి.ఓ. గారు సరేనన్నారు.

ఫిబ్రవరి 23

రైల్లో మార్కాపురం వెళ్ళి వచ్చాను. రంగులు లేకపోతే పోనీ, గోడ కట్టే వస్తువులతోనే బొమ్మ చేస్తాను. నలుపుకు పలకరాయి, ఎరుపుకు విరిగిన ఇటుకలు, దారానికి సగిలేటి ఇసకలో ఏరిన తెల్ల పలుగురాళ్ళు.

పలకల కార్ఖానాలో బళ్ళకు పనికిరాక పక్కన పడేసిన మూలవిరిగిన పలకలు గుట్టలుగా ఉన్నాయి. గుట్టల వెనక క్వారీ నుంచి వచ్చిన గరుకు ముక్కలు కూడా ఉన్నాయి. వాటిని తీసుకోలేదు. రెండు వైపులా నున్నగా అరగదీసిన పలకలే ఏరి మూడు గోనెసంచులు నింపించాను. మొహం కనిపించేంత నునుపు. కలెక్టరు గారు చూడాలి గదా.

మార్చి 6

పలకలు అతికించమంటే మాలకొండయ్య ఒప్పుకోలేదు. "నేను గోడలు కట్టేవాణ్ణమ్మా, బొమ్మలు అంటించేవాణ్ణి గాదు. పైన మిద్దె పని అట్లే ఉంది."

"నేను అతికిస్తా మామా" అంది మస్తానమ్మ, తల మీద తట్ట దించకుండానే.

అందరూ నవ్వారు. ఈ తాలూకాలో ఆడది తాపీ ముట్టదు. ముడితే ఆ గోడ నిలవదట. తాపీ కింద పడితే ఆడకూలీలు దాన్ని కాలితో పక్కకు జరపరు, చేత్తో తీయరు, మగవాణ్ణి పిలుస్తారు.

సాయంత్రం నేను ఆడవాళ్ళకు నడిపే బడిలో ఆమెను అడిగాను, ఎందుకంత పట్టుదలని. పెనిమిటి లింగయ్య గొర్రెల మందతో కోస్తా వైపు పోయి నాలుగు నెలలైంది. ఈమె ఏడేళ్ళుగా తట్టలు మోస్తోంది. మెడ కుడివైపుకు తిరగడం లేదు. పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తుంది. నేను అది గౌరవం అనుకునేదాన్ని.

"ఇంగో రెండేండ్లు మోస్తే మెడ పూర్తిగా పోతాదక్కా. పని వచ్చు నాకు. ఏడేండ్లు పక్కన నిలబడి చూసినా. తాపీ ఒకటే లేదు."

మార్చి 8

మాలకొండయ్యను అడిగాను. బొమ్మలు అంటించడం గోడ కట్టడం కాదన్నాడు కాబట్టి దానికి ఆడది తాపీ పట్టినా దోషం లేదని వాదించాను. లాయరుకు పుట్టాల్సినదాన్ని. చివరికి అరిగిపోయిన పాత తాపీ ఒకటి ఆమె ముందు నేల మీద పెట్టాడు. చేతికివ్వలేదు.

మార్చి 13

మస్తానమ్మ పలకను చేతిలో తిప్పి తిప్పి చూసి, "నున్నగుండేదానికి సున్నం పట్టదేమో అక్కా. ఎనకపక్క గీరుదామా?" అంది.

గీరితే పలకలు పగులుతాయి. అయినా నేను డ్రాయింగు పాసయ్యాను. వద్దన్నాను.

మార్చి 16

బొమ్మ లేచింది. నల్లని చీర, ఎర్రని రవిక, మధ్యలో తెల్లగా దారం. ఎండ పడితే కళ్ళు చెదురుతున్నాయి. రోడ్డున పోయే బండ్లు ఆగుతున్నాయి. చాలా సంతోషంగా ఉంది. చాలా.

మార్చి 20

పొద్దునకు సగం రాలి కింద పడి ఉంది.

మార్చి 21

జ్వరం. ఆఫీసుకు పోలేదు.

మార్చి 25

జ్వరమేమీ లేదు.

ఆ రోజు పరంజా కింద పాతికమంది పోగయ్యారు. ఆడది తాపీ పట్టింది, అందుకే రాలిందని ఒకరన్నారు. తర్వాత అందరూ అన్నారు. మాలకొండయ్య నేల మీది తాపీ తీసుకొని నీళ్ళతో కడిగి, సంచిలో పెట్టుకున్నాడు. బి.డి.ఓ. గారు నా వైపు చూసి, "పనిచేసిన మనిషి లోపమన్నమాట" అన్నారు. నేను అవునని అనలేదు. ఇది ఇక్కడ స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. అవునని అనలేదు.

ఎవరి తప్పు అనేది ఇప్పుడు ముఖ్యం కాదు. పని ఎలా పూర్తి చేయాలన్నది ముఖ్యం.

ఏప్రిల్ 1

మస్తానమ్మ బడికి రావడం లేదు. పనుల కాలం, ఎవరికైనా అలసటగానే ఉంటుంది.

ఏప్రిల్ 3

పర్మనెంటు కాగితం మీది సిరాబుడ్డి తీశారు. ఈ నెలలో సంతకం అవుతుందని గుమాస్తా చెప్పాడు. అవ్వకు కొబ్బరికాయ ఇచ్చి కొట్టమన్నాను. అవ్వ కొట్టలేదు. "నీ మొగం చూస్తే కాయ కొట్టేమాదిరి లేదు. ముందు నీకేమైందో చెప్పు" అంది. ఏమీ కాలేదన్నాను.

ఏప్రిల్ 6

సాయంత్రం మస్తానమ్మ మా ఇంటికి వచ్చింది. బడికి ఇచ్చిన పలక, బలపం తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఎందుకు తిరిగిస్తున్నావు?"

"చదువు నాకెందుకులే అక్కా. తట్ట మోసేదానికి."

ఉండమన్నాను, మజ్జిగ తాగమన్నాను. నిలబడే తాగింది. గ్లాసు బోర్లించి పెట్టి, ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పింది. "ఆ పొద్దు అందరూ అంటా ఉంటే నీ మొగం చూసినా అక్కా. నీవేమన్నా చెప్తావేమోనని."

అంతే. మెడ తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి వెళ్ళిపోయింది.

నేనే వద్దన్నాను. గీరుదామని ఆమె అంటే, పరీక్ష పాసైన దొరసానిని నేనే వద్దన్నాను. ఈ మాట ఎవరూ చదవని పుస్తకంలో రాయడానికి కూడా నాకు పదిహేడు రోజులు పట్టింది. సిగ్గుగా ఉంది. సమానత్వం బొమ్మ వేస్తానని బయలుదేరి, దారం నా వైపు కొస వదిలేశాను.

ఏప్రిల్ 7

చెప్పాను.

ఏప్రిల్ 8

నిన్న అంతకంటే రాయలేకపోయాను. బి.డి.ఓ. గారు భవనం చూడటానికి వచ్చారు. మిగిలిన పలకలు గీకేసి గోడకు వెల్ల వేయమని మాలకొండయ్యకు చెబుతున్నారు. మస్తానమ్మ తట్టతో నిచ్చెన ఎక్కుతోంది. ఆమె దిగేదాకా ఆగి, అందరికీ వినపడేలా చెప్పాను. నున్నని పలకకు సున్నం పట్టదని మస్తానమ్మ ముందే చెప్పింది, నేను వినలేదు, తప్పు నాది, తాపీది కాదు, ఆడచేతిది కాదు.

"ఈ మాట రాతపూర్వకంగా ఇవ్వగలరా?" అన్నారు బి.డి.ఓ. గారు.

ఇచ్చాను. అక్కడే, ఇటుకల మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేశాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. నా పర్మనెంటు కాగితం ఇప్పుడు సొరుగులో ఉందట.

మాలకొండయ్య రాలిన పలక ఒకటి ఏరి బొటనవేలితో రుద్ది చూశాడు. "నిజమే. దీనికి నేను పూసినా నిలవదు" అన్నాడు. తర్వాత మస్తానమ్మ వైపు తిరిగాడు. మేస్త్రీలలో ఒక కట్టు ఉంది. శిష్యుడు కట్టిన మొదటి గోడ ఒక వాన తట్టుకుంటేనే అది అతని గోడ. అప్పుడు గురువు తాంబూలంతో తాపీ చేతికిస్తాడు.

"మళ్ళీ అతికించు మ్మే. ఒక వాన చూద్దాం. నిలబడితే తాపీ నీ చేతిలో పెడతా. రాలితే మాత్రం ఇంగ జన్మలో అడగొద్దు."

"అడగను మామా."

బి.డి.ఓ. గారు మే ఆఖరుదాకా గడువిచ్చారు. ఈలోగా వాన పడకపోతే వెల్ల వేయడమే.

ఏప్రిల్ 19

గానుగలో ఆడిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి మూడు రోజులు నానేసింది. పలకల వెనకవైపు మేకుతో తనే గీరుతోంది. సాయం చేస్తానంటే వద్దంది. నీకు చేతులు నొప్పి పుడతాయంది. రెండే పగిలాయి. పలకలన్నీ పగులుతాయని చెప్పిన మనిషిని నేను.

ఏప్రిల్ 30

మస్తానమ్మ బడికి మళ్ళీ వస్తోంది. పేరు రాయడం పూర్తిగా వచ్చేసింది. సకింద త ఒత్తు మరిచిపోయేది, ఇప్పుడు మరవడం లేదు. పది రోజుల్లో ఇంత మార్పు. నా బోధన ఫలితమనుకుంటాను.

మే 9

బొమ్మ మళ్ళీ పూర్తయింది. ఈసారి సంతోషపడటానికి భయంగా ఉంది.

మే 14

ఎండ.

మే 20

నల్లమల వైపు మబ్బు పట్టింది. ఊరంతా చూసింది. హనుమంతునిపాడు దాకా పోయి అక్కడ కురిసిందట.

మే 24

వెల్ల వేయడానికి కుంచెలు తెప్పించారు. బి.డి.ఓ. గారు నన్ను చూసి తలుపుకు అటు నిలబడి మాట్లాడారు. ఆయనకూ ఇబ్బందిగానే ఉన్నట్టుంది.

ఈ గడ్డ మీద వాన కోసం ఎదురుచూడని వాళ్ళెవరు? రైతులు చూస్తారు, గొర్రెలవాళ్ళు చూస్తారు. గోడ కోసం చూసేది మాత్రం మేమిద్దరమే. "బిందెతో నీళ్ళు పోస్తే సరిపోదా?" అని మాలకొండయ్యను అడిగాను. "బిందె వాన గాదమ్మా" అన్నాడు. కట్టు కట్టే.

మే 28

మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. రేకులు ఎగిరాయి. అవ్వ ఆరేసిన వడియాలు తీస్తుండగానే పెద్ద చినుకులు. నేను గొడుగు మరిచిపోయి భవనం దగ్గరికి పరుగెత్తాను. మస్తానమ్మ అప్పటికే అక్కడ, గోడకు ఎదురుగా, వానలో. పక్కన నిలబడి నేనూ పలకల వంకే చూశాను. నీళ్ళు నల్లచీర మీదుగా ధారలుగా కారాయి. ఏదో పడిన చప్పుడైంది. గోడ కిందికి చూశాను. అది పరంజా కట్టె.

గంటంపావు కురిసింది.

మే 29

ఇవాళ జరిగింది జాగ్రత్తగా రాయాలి.

ఎండ వచ్చాక మాలకొండయ్య నిచ్చెన వేసుకొని ఒక్కో పలకనూ తాపీ పిడితో తట్టి చూశాడు. సున్నం వదిలితే డొల్లచప్పుడు వస్తుంది. ఎక్కడా రాలేదు. బొమ్మలో ఆడమనిషి చేయి దగ్గరి పలక ఒక్కటి ఆయనకు అనుమానంగా వినిపించింది. దాని అంచులోకి తాపీ కొస దూర్చి లేపాడు. రాలేదు. భుజం బలమంతా పెట్టాక ఫెళ్ళున ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. గీతల్లోని సున్నంతో సహా వచ్చింది.

ఆయన దాన్ని తిప్పి చూసి, కిందికి దిగి, నా చేతికిచ్చాడు. ఆయనకు చదువు రాదు.

"ఏందమ్మా ఇది?"

గీతల్లో సున్నం గట్టిగా కూరుకుపోయి ఉంది. నల్లని పలక మీద తెల్లని అక్షరాలు, బడిలో బలపంతో రాసినట్టే. 'మస్తానమ్మ'.

"ఊరికే గీతలెందుకని పేరు రాసినా అక్కా" అంది మస్తానమ్మ, తప్పు చేసినదానిలా. "రోజూ రాయమంటివి గదా. లోపలికి పోయేదే, ఎవురికి కనపడతాదిలే అనుకున్నా."

"దీనికొక్కదానికేనా?" అన్నాడు మాలకొండయ్య.

"అన్నిటికీ మామా."

నూట అరవై పలకలు. బడి ఫలితమని నా పుస్తకంలో రాసుకున్నాను గదా, బడి ఇక్కడ జరిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడిస్తే బాగుండదని నవ్వాను.

మాలకొండయ్య గోడ మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరినో పంపి తమలపాకులు, వక్క తెప్పించాడు. సంచిలోంచి తాపీ తీశాడు. అరిగిపోయిన పాతది కాదు, రోజూ తను పని చేసేది. కడిగి, పసుపు రాసి, ఆకుల మీద పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. "ఇంగ నీది నీవు కట్టుకో" అన్నాడు. ఆమె కాళ్ళకు మొక్కబోయింది. మెడ వంగక నడుము దగ్గరే ఆగిపోయింది. చాల్లే అన్నాడు ఆయన.

ఊడిన పలక మిగిలింది. "దీన్ని తిప్పి పెట్టు మ్మే. పేరు బయటికి రానీ" అన్నాడు.

"అయితే లోపలికి పోయేది నున్నపక్క మామా. సున్నం పట్టదు. గీరాల."

"గీరు."

ఆమె మేకు తీసుకొని కూర్చుంది. ఆయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అటు ఇటు చూశాడు. తర్వాత, నీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు.

"నా పేరు రాయి. లోపలైనా పర్లేదు."

మస్తానమ్మ నా వైపు చూసింది. నేను కళ్ళతోనే రాయమన్నాను. 'మాలకొండయ్య'. డకు సున్నా ముందా వెనకా అని ఒకసారి ఆగింది. నన్ను అడగలేదు. తనే సరిగ్గా రాసింది. ఆయన దగ్గరికి వంగి, తన పేరు ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాడు. "ఇంత పొడుగా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె సున్నం పూసి పలక గోడకు పెట్టి, చేతికొచ్చిన తాపీతో అంచులు దిద్దింది.

జూన్ 2

సాయంత్రం బడికి కొత్తగా ఒక మనిషి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ బడి అని చెప్పాను. "అందుకే ఎనక కూర్చున్నా" అన్నాడు మాలకొండయ్య.

జూన్ 14

కలెక్టరు గారు వచ్చారు, తెరిచారు, పాయసం తాగారు. బొమ్మ ముందు నిలబడి ఇదంతా దేనితో చేశారని అడిగారు. పలక, ఇటుక, సగిలేటి రాళ్ళు అని చెప్పాను. దగ్గరికి వెళ్ళి ఆడమనిషి చేతి దగ్గర ఆగారు.

"మస్తానమ్మ అంటే ఎవరు?"

బి.డి.ఓ. గారు నా వైపు చూశారు. నా పర్మనెంటు కాగితం ఇంకా సొరుగులోనే ఉంది. ఆడకూలీలందరూ వెనకాల వరసగా నిలబడి ఉన్నారు. మస్తానమ్మ వాళ్ళ మధ్యలో, ఉతికిన చీరలో, తాపీ కొంగు కింద పట్టుకొని.

"మేస్త్రీ సార్" అన్నాను. "ఈ గోడ కట్టిన మేస్త్రీ."

"రమ్మనండి."

పిలిచాను. మనిషి మొత్తం ఇటు తిరిగింది.